ఎంగిలి కాని రోజులు

మాల్దీవుల్లో మాలే ఎలా ఉంటుందో ఆ ఓడలో అందరికీ తెలుసు, వకుళకి తప్ప. అందరితోపాటు ఆమె కూడా దిగింది. చెప్పుల్లో ఇసక ఉంది. మెడ వెనక ఎండకి కమిలిన చర్మం ఇంకా మండుతోంది. చేతిసంచీలో, ఎవరో పిల్ల ఇచ్చినట్టున్న గవ్వ ఉంది. జ్ఞాపకం మాత్రం లేదు. సీషెల్స్ సంగతీ అంతే. పొద్దున్న కాఫీల దగ్గర ఒక పెద్దాయన ఎదురొచ్చి, మొన్న నా భార్యని నీడలో కూర్చోబెట్టి విసిరారు, మీ మేలు మరిచిపోలేనని హిందీలో చెప్పి చేతులు జోడించాడు. వకుళ కూడా చేతులు జోడించింది. ఆయనెవరో, ఆ భార్య ఎవరో తెలియలేదు. తెలియలేదని చెప్పడానికి మొహమాటపడి నవ్వి ఊరుకుంది.

ఇది మతిమరుపు కాదు. ఒప్పుకుని చేస్తున్న పనే. వకుళ గడిపిన ఆ రెండు రోజులూ కాకినాడలో, మంచం మీద ఉన్న ఇందుమతి దగ్గరున్నాయి.

ఇందుమతి వకుళకి ఆడపడుచు. పాతికేళ్లు బళ్లో భూగోళం పాఠాలు చెప్పింది. గోడ మీద పటం వేలాడదీసి, బెత్తం కొసతో సముద్రాలన్నీ దాటించేది గానీ, తను మాత్రం ఉప్పాడ బీచి దాటి వెళ్లింది లేదు. పెళ్లి చేసుకోలేదు. నలభై ఎనిమిదో ఏట నరాల జబ్బు కాళ్లలో మొదలై, చేతులు తీసుకుని, ఇప్పుడు గొంతు దగ్గరికి వచ్చింది. వకుళ భర్త పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఈ వదినా మరదళ్లిద్దరే.

విశాఖపట్నంలో ఒక పరిశోధనశాల వాళ్లు, ఒక మనిషి గడిపిన రోజుని ఇంకో మనిషికి పంపించే పద్ధతి కనిపెట్టారు. ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ చాలాకాలం ఒకే కప్పు కింద, ఒకే వంట తిని బతికినవాళ్లై ఉండాలి. అప్పుడే ఒకరి రోజు రెండోవారి మనసులో ఇముడుతుంది. నెత్తురు సంబంధం అక్కర్లేదు. ఈ ఇద్దరినీ పరీక్షించిన రోజున, అక్కాచెల్లెళ్లలో కూడా ఇంత పొందిక చూడలేదని వాళ్లు ఆశ్చర్యపోయారు.

"ముప్పై ఏళ్లు పోట్లాడుకున్నాం కదండీ" అంది ఇందుమతి అప్పుడు.

ఓడ ఇప్పుడు రోడ్రిగ్స్ అనే చిన్న ద్వీపం ముందు లంగరు వేసి ఉంది. వకుళ గదిలో శర్వాణి ఆమె జడ పైకెత్తి, మూలంలో నల్ల రిబ్బను లాంటి పట్టీ కడుతోంది. ఓడ దిగినప్పటి నుంచి రాత్రి నిద్రపోయేదాకా గడిచిన రోజంతా అందులోకి ఎక్కుతుంది. ఆ పరిశోధనశాల పిల్లే శర్వాణి. ముప్పై దాటలేదు.

"బిగుతుగా ఉందా ఆంటీ?"

"మా అమ్మ వేసిన జడ కంటే నయమే."

"ఇవాళ కూడా ఒక్కరే వెళ్లాలి. నేను రాకూడదు."

"తెలుసమ్మా."

ఒక్కతే ఎందుకు వెళ్లాలో శర్వాణి మొదట్లోనే చెప్పింది. తొలిరోజుల్లో ఇంట్లో గడిపిన రోజులతో ప్రయత్నించారట. ఒకాయన దగ్గర్నుంచి మామూలు మంగళవారం ఒకటి తీస్తే, దాంతోపాటు ఆయన కూతురి ముద్దుపేరు కూడా ఊడి వెళ్లిపోయింది. ఎంత చెప్పినా ఆ పేరు ఆయనకి మళ్లీ తనదిగా అనిపించలేదు. ఇంటి రోజులకి వేళ్లు ఎక్కువ. ఎన్నడూ చూడని ఊళ్లో, తెలిసిన ముఖం లేని చోట గడిపిన రోజైతే కుండీలో మొక్కలా మట్టితో సహా పైకి వస్తుంది. అందుకే ఈ ఓడ, ఈ ద్వీపాలు, ఈ ఒంటరితనం. నకలు తీసి పంపిస్తే పోదా అని వకుళ అడగకపోలేదు. నకలు పంపితే అవతలివాళ్లకి ఫోటో చూసినట్టు ఉంటోంది గానీ, తామే వెళ్లొచ్చినట్టు ఉండటం లేదంది శర్వాణి. అసలుది వదులుకుంటేనే అక్కడ అసలుది అవుతుంది.

పట్టీ కట్టడం అయ్యాక శర్వాణి ఫోన్ కలిపి చేతికిచ్చింది. "ఇందుమతిగారు మీతో మాట్లాడాలన్నారు. డాక్టర్లు చెప్పారట. వచ్చేవారం ఊపిరి మెషీన్ పెట్టేస్తారు. ఆ తర్వాత మనం పంపినా ఆవిడ పుచ్చుకోలేరు. ఇదే ఆఖరిది."

వకుళ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. అవతల ఊపిరి ముందు వచ్చింది, మాట తర్వాత.

"వదినా. పోట్లాడాలి నీతో."

"మందులేసుకున్నావా?"

"అదిగో, మళ్లీ. వేసుకున్నాను గానీ విను. మాలేలో నువ్వేం చేశావో నీకు తెలీదు, నాకు తెలుసు. కొబ్బరిబొండం కొన్నావు. రెండు చేతుల్తో పట్టుకున్నావు. చల్లగా ఉందనుకున్నావు. తాగలేదు. ఎవరో ముసలావిడ కనిపిస్తే ఆవిడ చేతిలో పెట్టేశావు."

"పోన్లే, దాహంగా ఉందేమో ఆవిడకి."

"నాకూ దాహంగానే ఉంది మరి." ఇందుమతి ఊపిరి కోసం ఆగింది. "సీషెల్స్‌లో చీర తడుస్తుందని అలకి రెండడుగుల అవతల నిలబడ్డావు. నేనిక్కడ మంచం మీంచి దిగవే, దిగవే అంటున్నాను. అయిపోయిన రోజుకి వినబడుతుందా?"

వకుళ ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది.

"నీ రోజులు వస్తున్నాయి వదినా. చెట్లు వస్తున్నాయి, పడవలొస్తున్నాయి. నువ్వు రావటం లేదు. కిటికీలోంచి పక్కింటివాళ్ల పెళ్లి చూస్తున్నట్టుంది."

"నీకోసం కదా అని జాగ్రత్తగా..."

"ఆ జాగ్రత్తే వద్దంటున్నాను. నాకు నైవేద్యం పెట్టకు తల్లీ. నేనింకా చావలేదు."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు వకుళ మంచం అంచు మీదే కూర్చుంది. ఇందు అన్నది నిజమేనని తెలుసు. కాపరానికి వచ్చిన కొత్తలో, పులిహోర కలుపుతూ ఉప్పు చాలిందో లేదో అని వేలి కొసతో నాలిక మీద రాసుకుంది. అత్తగారు ఒక్క మాట అనలేదు. గిన్నె గిన్నంతా పనిమనిషికిచ్చి, మళ్లీ బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. ఆ రోజు నుంచి వకుళ వండేది ఏదీ ముందు నోట్లో పెట్టుకోలేదు. ఉప్పు వాసన పట్టి తెలుస్తుంది, పులుపు పొంగు చూస్తే తెలుస్తుంది. అందరూ తిన్నాక చల్లారింది తినడం అలవాటైపోయి, వేడిది ఎలా ఉంటుందనే ధ్యాసే పోయింది. ఎవరికోసమో చేసేదాన్ని ముందు తను రుచి చూస్తే అది ఎంగిలి. ఈ రోజులు ఇందుకోసం. అందుకే వాటిని కూడా నోట్లో పెట్టుకోకుండా మోసుకొచ్చినట్టుంది.

ఓడ నుంచి చిన్న పడవలో రేవుకి చేర్చారు. పోర్ట్ మథురిన్ అన్న ఆ ఊరు రేవు దగ్గరే మొదలై నాలుగు వీధుల్లో అయిపోతుంది. ఓడ దిగినవాళ్లు జంటలు జంటలుగా, గుంపులు గుంపులుగా విడిపోయారు. సాయంత్రం దాకా ఎవరికీ ఏ పనీ లేదు. వకుళ ఎటు వెళ్లాలో తెలియక, సంతలో మనుషులు కనిపిస్తే అటు నడిచింది.

గడ్డి టోపీలు, తేనె సీసాలు, ఎండబెట్టిన ఎర్ర చిక్కుడు గింజలు. ఒక మూల పచ్చళ్లు. బుల్లి బుల్లి నిమ్మకాయలు, వేలి గోరంత మిరపకాయలు, నూనెలో తేలుతూ వరసగా సీసాలు. వకుళ కాళ్లు వాటంతట అవే ఆగిపోయాయి. సీసాల వెనక బండగా, నల్లగా, నవ్వుముఖంతో ఉన్న ఆడమనిషి రొట్టెముక్క మీద కాస్త పచ్చడి రాసి చెయ్యి చాపి, ఏదో అంది. రుచి చూడమని సైగ చేసింది.

వకుళ ముక్క అందుకుని వాసన చూసింది. ఆవాలున్నాయి, పసుపుంది. అలవాటుగా దాన్ని సంచీలో ఉన్న కాగితంలో చుట్టబోయి ఆగింది. నేనింకా చావలేదు అన్న గొంతు చెవిలోనే ఉంది. ముక్క మొత్తం నోట్లో పెట్టేసుకుంది.

ముందు పులుపు తగిలింది. తర్వాత కారం అంటుకుంది. ముక్కులోకి, చెవుల్లోకి ఎక్కి, కళ్లలోంచి నీళ్లుగా వచ్చింది. ఆ అమ్మి పకపకా నవ్వి, పక్క దుకాణపు మనిషిని పిలిచి మరీ చూపించింది.

"మెంతిపిండి వెయ్యలేదమ్మా నువ్వు" అంది వకుళ కళ్లు తుడుచుకుంటూ, తెలుగులోనే. "ఆవపిండి సరిపోయింది గానీ, మెంతులు వేయించి వేస్తే నిలవుంటుంది."

ఆమె తన భాషలో అంతకంటే పెద్ద సమాధానమే చెప్పింది. ఒక సీసా పైకెత్తి ఎండలో తిప్పి, మూతి బిగించి, ఎవరినో తిట్టింది. అత్తగారినో, నిమ్మకాయలమ్మినవాడినో. వకుళ తలూపి, "మరే, అందరూ అంతేనమ్మా" అంది. ఇంకో ముక్క తింది. మూడోది అడిగి తింది. అడిగి తినడం ఎన్నాళ్లయిందో ఆమెకి గుర్తులేదు, ఆ మరుపుకి ఏ పట్టీ కారణం కాదు.

సంత దాటి ఒడ్డు వెంబడి నడిచింది. కర్రలకి కట్టిన తాళ్ల మీద ఆక్టోపస్‌లు బట్టల్లా ఆరేసి ఉన్నాయి. ముక్కు మూసుకోబోయి, చెయ్యి తీసేసింది. ఇందుకి ఈ వాసన కూడా వెళ్లాలి. సముద్రం బాగా వెనక్కి తగ్గి, దూరంగా తెల్లటి గీతలా విరుగుతోంది. ఆ గీతకీ ఒడ్డుకీ మధ్య మోకాలు లోతు నీళ్లు మైళ్ల పొడుగునా పరుచుకుని ఉన్నాయి. గడ్డి టోపీలు పెట్టుకున్న ఆడవాళ్లు కర్రలతో రాళ్ల సందులు పొడుచుకుంటూ అందులో నడుస్తున్నారు. ఒకామె వకుళని చూసి రమ్మని చెయ్యూపింది.

వకుళ కుచ్చెళ్లు ఎత్తి నడుంలో దోపుకుని దిగింది. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. కాళ్ల కింద ఇసక, ఇసకలో గరుకు రాళ్లు. నాలుగడుగులకే కాలు జారి, దబ్బున కూలబడింది. నడుం దాకా తడిసిపోయింది. ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది. చూసినా తనెవరో వాళ్లకి తెలియదు. అలాగే కూర్చుండిపోయింది. నవ్వొచ్చింది. కడుపులోంచి, ఆగకుండా వచ్చింది. యాభైనాలుగేళ్ల మనిషి, పట్టపగలు, ఊరు కాని ఊళ్లో, చీరతో నీళ్లలో కూర్చుని ఒక్కతే నవ్వుకుంది. తీసుకోవే ఇందూ, అనుకుంది.

తడిచీర ఆరేదాకా సరుగుడు చెట్ల కింద కూర్చుంది. కాకినాడలోనూ సరుగుళ్లున్నాయి, గాలికి ఇలాగే అంటాయి. కానీ అక్కడ వింటున్నప్పుడు ఒక చెవి ఎప్పుడూ ఇంట్లో ఉంటుంది. దగ్గు వినబడుతుందేమో, పక్కకి తిప్పమని పిలుస్తుందేమో. ఓడలో కూడా ఆ చెవి అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు, మొదటిసారి, రెండు చెవులూ తన దగ్గరే ఉన్నాయి.

ఎదురుగా గట్టు మీద నీలం రంగు రేకుల ఇల్లు ఒకటుంది. తలుపు తీసి ఉంది, లోపల సామాను లేదు. వరండాలో ఒకే ఒక్క కుర్చీ. ఊరికే కూర్చుని చూస్తూ వకుళ ఆ ఇంట్లోకి వెళ్లింది, మనసులోనే. ఒక కంచం పెట్టింది, ఒక గ్లాసు పెట్టింది. తెల్లారి ఎండ మొహాన పడేదాకా పడుకుంది. లేచి కాఫీ కలుపుకుని వేడిగా తాగింది. ఎవరి దుప్పటీ మార్చలేదు, ఎవరి ఒళ్లూ తుడవలేదు. కుర్చీలో కూర్చుని సముద్రం చూసింది. అలా ఎంతసేపు కాపరం చేసిందో తెలియదు. ఆ ఇంట్లో ఇందు లేదని చాలాసేపటికి గుర్తొచ్చింది. కాకినాడలో ఉండి, ఇక్కడ లేకపోవడం కాదు. అసలు లేదు. ఆ తర్వాతి కాపరం అది.

ఆ కుర్చీలో కూర్చున్న వకుళ ఏడవటం లేదు.

చెయ్యి జడ కిందికి వెళ్లింది. పట్టీ వెచ్చగా ఉంది.

సాయంత్రం ఓడ కదిలింది. గదిలో శర్వాణి నిద్రమందు సిద్ధం చేసి, ప్రతిసారీ అడిగే మాటే అడిగింది. "ఇష్టంగానే ఇస్తున్నారా ఆంటీ? మీరు పడుకున్నాక నేను అడగలేను."

"ఒక ముక్క తీసేసి పంపొచ్చా?"

"ఏ ముక్క?"

"చిన్నదే. ఒక ఇల్లు చూశాను. అది అక్కర్లేదు తనకి."

శర్వాణి తల అడ్డంగా ఊపింది. "రోజుని కొయ్యలేం. కోస్తే అటూ ఇటూ దారాలు ఊడొస్తాయి. అటు ఆవిడకీ, ఇటు మీకూ ప్రమాదమే. ఇస్తే మొత్తం, లేకపోతే లేదు." వకుళ మొహంలోకి చూసింది. "ఏదైనా జరిగిందా?"

"ఏం జరగలేదు. ఏమీ జరగలేదమ్మా, అదే."

వకుళ మంచం మీద కూర్చుని పాదాలు చూసుకుంది. రాళ్లకి గీరుకున్న చోట్ల ఉప్పు మండుతోంది. ఆ మంట కూడా బాగుంది. ఇవ్వకపోతే ఈ రోజు తనది. నిమ్మకాయ కారం, నీళ్లలో నవ్వు, అన్నీ తనకే ఉండిపోతాయి, పుట్టి బుద్ధెరిగాక అలాంటి రోజు ఇంకోటి లేదు. దాంతోపాటు ఆ ఇల్లు కూడా ఉండిపోతుంది. ఇందుకి ఏమీ అందదు. మందు పట్టలేదనో, మెషీన్ పాడైందనో చెప్పొచ్చు. ఇస్తే ఇందుకి అంతా అందుతుంది, ఆ కుర్చీతో సహా. తనకి మాత్రం ఏమీ గుర్తుండదు. తను ఏమనుకుందో తనకే తెలియకుండా, రేపు ఇందు మొహం చూడగలదు. అదీ ఒక సుఖమే. ఆ సుఖం కోసమే ఇస్తున్నానా అని కూడా అనుకుంది.

ముప్పై ఏళ్లుగా ఇందుకి అన్నీ ఏరి, చల్లార్చి, మంచివే వడ్డించింది. విసుగొచ్చిన రోజున వంటింట్లోనే ఉండిపోయింది, ఏడుపొచ్చిన రోజున మిద్దె మీద బట్టలారేసింది. వదిన అంటే ఎవరో ఇందు ఎప్పుడూ చూడలేదు. ఇవాళే అడిగింది, నువ్వు రావటం లేదని. వచ్చేవారం తర్వాత అడగడానికి గొంతుండదు.

"పడుకోనా?" అంది వకుళ.

"ఇష్టంగానేనా? ఆ మాట మీరు చెప్పాలి."

"ఇష్టంగా కాదు. అయినా ఇస్తున్నాను. అలా రాసుకో."

శర్వాణి ఏమీ రాసుకోలేదు. ఆమె తల కింద దిండు సర్ది, చాలాసేపు చెయ్యి పట్టుకుని కూర్చుంది.

మర్నాడు మెలకువ వచ్చేసరికి కిటికీ నిండా ఎండ ఉంది. అరికాళ్లు మండుతున్నాయి. ఎందుకో తెలియదు. నాలిక కొన చురుక్కుమంటోంది. కుర్చీ మీద ఆరేసిన చీర అంచున తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. వకుళ దాన్ని దులిపి మడత పెట్టింది, ఎవరిదో చీర అయినట్టు.

ఫోన్ మోగింది. ఊపిరి ముందు, మాట తర్వాత.

"వదినా."

"అందిందా? ఎలా ఉంది?"

"నీళ్లలో కూలబడ్డావు."

"నేనా?"

"నడుం దాకా. మళ్లీ లేవలేదు. అలా కూర్చుని నవ్వావు. నాకిక్కడ నవ్వాగక దగ్గొచ్చి, నన్ను చూసుకునే ఆయమ్మ పరుగెత్తుకొచ్చింది." ఊపిరి కూడదీసుకుంది. "ఆ రేకుల ఇల్లు బాగుంది."

"ఏ రేకుల ఇల్లు?"

అవతల ఇందుమతి దగ్గింది.

"ఏ ఇల్లే? నేను వెళ్లానా దాన్లోకి? ఎవరున్నారు అందులో?"

"నువ్వు."

"ఇంకా?"

"ఇంకెవరూ లేరు. నువ్వు బాగున్నావు అందులో. అంతే."

వకుళ మంచం మీద కూర్చుంది. ఏదో అర్థమయ్యేలా దగ్గరికొచ్చి, పట్టుకోబోతే ఏమీ దొరకలేదు. అది ఉండాల్సిన చోట నున్నగా, ఖాళీగా ఉంది.

"ఇందూ, నేనేమైనా తప్పుగా అనుకున్నానా? నా మీద కోపం వచ్చిందా?"

"కోపమొస్తే తొందరగా వచ్చెయ్యమని చెప్పేదాన్ని. నిన్ను ఎదురుగా పెట్టుకుని సాధించేదాన్ని." నవ్వబోయింది, ఊపిరి చాల్లేదు. "మారిషస్‌లో దిగి తిన్నగా విమానం ఎక్కకు. ఒక రోజు ఆగు. పట్టీ కట్టుకోకుండా తిరుగు. నీకు నచ్చింది తిను. ఆ రోజు నాకు పంపక్కర్లేదు."

"పంపాలన్నా ఇంక కుదరదటగా."

"అందుకే. వచ్చి నోటితో చెప్పు."

"నేనొచ్చేసరికి నీకు మెషీన్ పెట్టేస్తే? మాట్లాడలేవు కదే."

"చెప్పేది నువ్వు కదా వదినా. నాకు చెవులుంటే చాలదూ?" మళ్లీ ఊపిరి. "ఏదీ, ఇప్పుడు చెప్పు. కిటికీలోంచి ఏం కనిపిస్తోంది?"

"నీళ్లు."

"నీళ్లని నాకూ తెలుసు, భూగోళం చెప్పినదాన్ని. ఏ రంగు?"

వకుళ ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. నీలం అనబోయింది. నీలం కాదు. ఓడ కింద ఒక రంగుంది, దూరంగా ఇంకొకటుంది. ఆ రెండింటి మధ్యా పేరు లేనిది ఒకటి ఉంది. అవతల ఇందుమతి ఊపిరి తీస్తూ, విడుస్తూ, తొందరపెట్టకుండా కాచుకుని ఉంది. వకుళ కన్నార్పకుండా చూసింది, ముందు తనే తనివితీరా చూసింది, ఆ తర్వాత చెప్పడం మొదలుపెట్టింది.